సరిత కట్టని రెండో ఊరు

ఈ మాట ఏళ్ళుగా గొంతులో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. వింటే మీకు నవ్వు రావచ్చు. కంప్యూటర్ ఆటలో చెప్పిన సలహా కూడా ఒక పాపమేనా అంటారేమో. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నాచారంలో మా ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక రాజ్యాల ఆట ఆడేవాళ్ళం. ఒక చిన్న ఊరితో మొదలుపెట్టి సామ్రాజ్యం కట్టాలి. అందరికీ ఒకటే ల్యాప్‌టాప్. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరికి అందించాలి, మిగతావాళ్ళు తల తిప్పుకోవాలి. కొత్తవాళ్ళ పక్కన మాత్రం నేను కూర్చుని చెప్పవచ్చు. అది మా ఇంటి రూలు. ఆఫీసులో నన్నెవరూ ఏదీ అడగరు. ఆ ఆదివారాల్లోనే నాకు కాస్త విలువ.

తమ్ముడి పెళ్ళయ్యాక వాడి భార్య సరిత కూడా ఆటకు కూర్చుంది. బళ్ళో లెక్కలు చెబుతుంది. వాళ్ళది ఉప్పల్, ఒకప్పుడు అక్కడ సేద్యం చేసిన కుటుంబం. మొదటి ఊళ్ళో ఇంకా ఏమీ కట్టకుండానే, నది పక్కన రెండో ఊరు కోసం మనుషులను పంపబోయింది.

"అంత తొందరేంది?" అన్నాను.

"ఖాళీ జాగ గట్లనే ఉండదు బావ. మా తాత ఉన్న చేనే సూసుకుంట కూసున్నడు. పక్కన నీళ్ళున్న జాగల ఎవడో వచ్చి గోడ పెట్టుకున్నడు. ముందుగాల నీళ్ళకాడ గుడిసన్న ఏస్కోవాలె. ఊరు మెల్లగ పెరుగుతది."

ఆమె చెప్పింది నిజం. అన్నేళ్ళుగా ఆడుతున్నా నాకు తట్టని నిజం. ఈమె ఇవాళ గెలుస్తుంది, వచ్చేవారమూ గెలుస్తుంది, ఇక నన్నెవరూ అడగరు అని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఓర్వలేకపోయాను. దాన్ని ఇంకేమనాలి? అసూయే.

"అట్ల జేస్తే ఆగమైతవ్ సరితా. ముందు ఉన్న ఊర్లె పెద్ద గోపురం కట్టు. బయటికి తర్వాత పోవచ్చు."

"మీకు ఎర్కనే గద బావ" అని మనుషులను వెనక్కి పిలిచింది. ఆ గొంతులో ఏ అనుమానమూ లేదు.

నా వంతు రాగానే ఆ నది పక్కన నేనే ఊరు కట్టాను. ఆమె పక్కన కూర్చుని చూసిన చోటే. వాళ్ళ తాతకు ఎవడో చేసిందే ఆమెకు నేను చేశాను. పెరగడానికి నీళ్ళూ చోటూ లేక, గోపురం సగంలో ఉండగానే సరిత రాజ్యం పోయింది. తమ్ముడు "టీచరమ్మ లెక్క తప్పింది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. "నాకు రాదు తియ్యుండ్రి" అని ఆమె లేచింది. మళ్ళీ ఎప్పుడూ ఆటకు కూర్చోలేదు. అడిగితే చాయ్ పెట్టే వంకతో లోపలికి పోయేది.

నేను అక్కడితో ఆగానా? లేదు. తర్వాత ఆ ఎత్తునే తెలుగులో వీడియో చేశాను. ముందు నీళ్ళ దగ్గర చోటు పట్టండి, ఊరు మెల్లగా పెరుగుతుంది అని చెప్పాను. చాలామంది చూశారు. గురువుగారూ అని రాస్తారు. చదివినప్పుడల్లా సంతోషమూ వేస్తుంది, సిగ్గూ వేస్తుంది. నిజం చెప్పాలంటే ముందు వచ్చేది సంతోషమే.

మొన్న సరిత తన కూతురిని నా దగ్గరికి తీసుకుని వచ్చింది.

"మీ వీడియో సూసిన బావ. మస్తు చెప్పిన్రు. నాకైతే ఎన్నడు గట్ల తట్టకపాయె. పాపకు జర నేర్పుండ్రి, నా లెక్క కావద్దు."

తను అన్న మాట తనకే గుర్తులేదు. ఆ రోజు నేను అంత నమ్మకంగా తప్పని చెప్పాను మరి. ఇప్పుడైనా నోరు తెరవవచ్చు కదా? తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. "నేర్పుతా" అన్నాను, అంతే.

పాప పక్కన కూర్చున్నాను. "పెద్దనాన్నా, ముందు ఏం జేయాలె?" అని అడిగింది. నీళ్ళ దగ్గర రెండో ఊరు కట్టమన్నాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. "ఎవరు చెప్పిన్రు నీకు?" అంది. వంటింట్లో సరిత గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నాకే తట్టింది అన్నాను.

నాకు తట్టలేదు. అది మీ అమ్మకు తట్టింది. పాపకు చెప్పాల్సిన ఈ మాట మీకు చెబుతున్నాను. సరిపోదని తెలుసు. కానీ గొంతు దాటి బయటకు రావడం ఇదే మొదటిసారి.