ఇటుకల గోతిలోకి దించిన దీపం

రామచంద్రపురం దగ్గర ఒక రైస్ మిల్లులో మా కాలేజీ ప్రయోగం నడిచేది. బాయిలర్ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ వేరు చేసి, ఊకబూడిదా సున్నమూ కలిపి పోసిన ఇటుకలకు అవి గట్టిపడేలా పట్టించేవాళ్లం. అందుకోసం నేనే దగ్గరుండి నిలువెత్తు గొయ్యి తవ్వించాను. అందులో ఇటుకలు పేర్చి, టార్పాలిన్ కప్పి, పైపుతో గ్యాస్ వదిలేవాళ్లం.

ఆ ఉదయం ఇటుకలు చూద్దామని టార్పాలిన్ తీసి నిచ్చెన మీద కాలు పెట్టాను. ఒకప్పుడు నూతుల్లో పూడిక తీసి, ఇప్పుడు మిల్లులో పనిచేస్తున్న పెద్దాయన పరుగున వచ్చాడు.

“ఉండండి మేడం గారూ! దీపం దింపకుండా దిగిపోతారేంటండీ?”

“గ్యాస్ వాల్వ్ నిన్న మధ్యాహ్నమే కట్టేశానండీ,” అన్నాను విసుగ్గా.

ఆయన వినలేదు. కిరసనాయిలు బుడ్డి వెలిగించి, తాడు కట్టి గోతిలోకి వదిలాడు. మంట సగం దాకా నిటారుగా దిగి, చప్పున ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దింపాడు. మళ్లీ అక్కడే ఆరింది.

ఈ గ్యాస్ గాలికన్నా బరువని, పల్లంలో నీళ్లలా నిలిచిపోతుందని ఏటా క్లాసులో చెప్పేదాన్ని. వాల్వ్ కడితే కొత్తది రాదు, సరే. లోపలున్నది ఎక్కడికి పోతుంది? ఇంత చదువూ చదివి ఆ మాట నాకు తట్టలేదు.

గోతి అడుగున ఒంటరిగా పడి ఉన్న ఇటుక అప్పుడు కనిపించింది. ముందురోజు సాయంత్రం ఒక్కదాన్నే అందులోకి దిగాను. చేతిలోంచి జారిన ఆ ఇటుక కోసం వంగబోతుంటే ఫోన్ మోగింది. లోపల సిగ్నల్ సరిగ్గా అందక, మాట వినపడక పైకి వచ్చేశాను.

దీపం ఆరింది సరిగ్గా నా నడుమెత్తులో.