లెక్కలో లేని నాలుగు మెట్లు

మా సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు వరండాలో నిలబడి వాన చూస్తున్నాను. "పొద్దున్నే కాఫీ అడిగినారు పాపా, తెచ్చేలోపల పోయినారు," అన్నారావిడ. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. మా లెక్కలో దొర్లిన తప్పు తెలిసి, నోరు తెరిచి చెప్పగలిగినదాన్ని ఇక నేనొక్కదాన్నే మిగిలానన్న భయం. గురువు పోయిన పూట ఇలా అనిపించిందని రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ దిద్ది రాస్తే సారుకు నచ్చదు.

సారు తిరుపతిలో ఇంజనీరింగ్ కాలేజీలో మాకు వానలు, వరదలు, వంతెనల పాఠాలు చెప్పేవారు. సొంతూరు శ్రీకాళహస్తి దగ్గర. "స్వర్ణముఖి ఏట్లో ఇసక తప్ప ఏమీ చూడని పిల్లోళ్లకు వరద గురించి చెప్పేది ఎంత కష్టమో," అని నవ్వేవారు. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది. అందులో కొలిచే టేపు, పాత బ్రష్షు, డబ్బాలో కలిపిన జాజు. అదే, ఇళ్ల గోడలకు అడుగున పట్టీగా పూసే ఎర్రరంగు. ఏ ఊరికి పోయినా పాత వరద ఎందాకా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, గోడ మీద జాజుతో గీత గీయించేవారు.

ఆ అడగడంలోనూ ఆయనది వేరే దారి. వరద ఎంత వచ్చిందని అడిగేవారు కాదు. "ఆ పొద్దు పొయ్యి యాడ పెట్టుకున్నారమ్మా?" అనేవారు. వరద ఎంతంటే ఎవరైనా చేతులెత్తి ఆకాశం చూపిస్తారట, పొయ్యి ఎక్కడికి మార్చారో మాత్రం ఆడవాళ్లు చచ్చినా మరిచిపోరట.

తోటి ప్రొఫెసర్లు పరిశోధన పత్రాలు అచ్చు వేయించుకుంటుంటే ఈయన తన లెక్కంతా ఒక్క పేజీ తెలుగులోకి కుదించి, దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. "పరిశోధన జేసి బీరువాలో పెడితే చెదలకు డాక్టరేటు వస్తాది పాపా, ఊరికి వంతెన రాదు," అనేవారు. ఆ పేజీని ఆఫీసులో ఇచ్చే ముందు ఊళ్లో చదివి వినిపించాలన్నది ఇంకో పట్టుదల. మాకేమో చాదస్తంగా ఉండేది. ఒక ఊళ్లో అలా వినిపించినప్పుడే మేం వినాల్సిన మాట వినలేదు.

చంద్రగిరి అవతల కొండ కింద ఒక పల్లె. పల్లెకూ మెయిన్ రోడ్డుకూ మధ్య ఒక వంక, వానకు మాత్రమే పారే వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో మేకలు తిరుగుతుంటాయి. గట్టి వాన పడితే మాత్రం హైస్కూలుకు పోయే పిల్లలు, నొప్పులొచ్చిన ఆడవాళ్లు అవతల ఇరుక్కుపోతారు. అందుకని వంక మీద ఎత్తుగా రోడ్డు వేయాలనుకున్నారు. నీళ్లు పోవడానికి దాని కింద ఎంత లావు పైపులు పెట్టాలో తేల్చి చెప్పడం మా పని. పైపులు చాలకపోతే ఆ రోడ్డే చెరువుకట్టలా నీళ్లను ఆపుతుంది. ఆగిన నీళ్లు పల్లె మీదికి తిరుగుతాయి. ఇదంతా తెలిసే లెక్కకు దిగాం.

నేనప్పుడు ఎంటెక్ విద్యార్థిని. సారు వంకలో కొలతలు తీయిస్తూ, వీధి నాకు అప్పగించారు. చివరింటి అవ్వ తన గోడ మీద పాత వరద మరక చూపించింది. "లోపలికి రా పాపా, మజ్జిగ తాగిపో," అంది. మాడ్చే ఎండ, ఇంకా బోలెడు ఇళ్లున్నాయి. వద్దులే అవ్వా అని, వీధిలోనే నిలబడి టేపు పట్టాను. మరక సరిగ్గా నా మోకాలి ఎత్తున ఉంది. మోకాటి లోతు అని రాసుకుని, జాజు గీత గీసి, పక్కింటికి పోయాను.

తర్వాత బడి వరండాలో సారు పేజీ చదివి వినిపిస్తుంటే అవ్వ లేచింది. "మోకాలా? నాకు రొమ్ము దాకా వచ్చినాయే. బిడ్డను నెత్తిన పెట్టుకోని దాటినా."

"గోడ మీద మరక ఉండాది గదవ్వా, గోడ అబద్ధం చెప్తాదా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అందరూ నవ్వారు. "భయంలో మోకాలే రొమ్ము మాదిరి కనపడింటాదిలే," అన్నారెవరో. సారు కూడా నవ్వారు. అవ్వ కూర్చుంది.

ఆ పేజీని రోడ్ల శాఖ వాళ్లు నమ్మారు. కాలేజీలో చేసిన లెక్క రోడ్డుగా మారడం మేము చూడటం అదే మొదలు. మూడు పైపులతో రోడ్డు వచ్చింది. రిబ్బన్ కత్తిరిస్తుంటే సారు జనంలో వెనక నిలబడి, పసిపిల్లాడిలా మునివేళ్ల మీద లేచి చూశారు. తర్వాత నాకు అదే శాఖలో ఉద్యోగం వచ్చింది. తిరిగి తిరిగి ఆ రోడ్డు నా సెక్షన్ కిందికే వచ్చింది.

కిందటేడు ఎండాకాలం, రిటైరైన సారు ఊరికే ఆ రోడ్డు చూసొద్దామని పోయారు. సాయంత్రం ఫోన్ చేశారు.

"పాపా, ఆ అవ్వ ఇంట్లోకి ఎప్పుడైనా పోయినావా?"

"లేదు సార్."

"నేనూ పోలేదు. ఈ పొద్దు మజ్జిగ తాగను పోయినా. వీధిలోనుంచి రొండు మెట్లు దిగాల. ఆమె కాపరానికి వచ్చినప్పుడు రొండు మెట్లు ఎక్కేదంట. నాలుగు మెట్ల నీళ్లు మన లెక్కలో లేవు పాపా. మనం తప్పు కొలిచినాం."

మన ఊళ్లలో వీధికి సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వరు, దాని మీదే పోస్తారు. వీధి పెరుగుతుంది, ఇళ్లు గుంతలో పడతాయి. మీ వీధిలోనూ చూసే ఉంటారు. నేనూ పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. అయినా ఆ పూట నా కాళ్ల కింద ఉన్నదే అప్పటి నేల అనుకున్నాను. మరక కదల్లేదు, నేలే పైకి వచ్చింది. అవ్వ రొమ్ము లోతు అన్నది నిజం. టేపు పట్టిందీ, అవ్వను నవ్వులపాలు చేసిందీ నేను. ఆయనేమో మనం అన్నారు.

సారు మళ్లీ ఒక పేజీ రాసుకుని మా ఆఫీసుకొచ్చారు. "మీ లెక్క నమ్మే గదా సార్ కట్టినాం. ఇప్పుడు మీరే వచ్చి తప్పంటే మేం పైవాళ్లకు ఏం చెప్పేది?" అన్నారు మా పై అధికారి. "నమ్మినారు గాబట్టే వచ్చినా. నమ్మకపోయింటే ఇంట్లో కూసోనుందును," అన్నారు సారు. నేను పక్క బల్ల దగ్గర ఫైల్లో తల దూర్చి కూర్చున్నాను. ఆయన నా వైపు చూడలేదు. నా పేరు ఎత్తలేదు. ఆయన వెళ్లాక, పెద్దాయనకు వయసైపోయిందని ఆ పేజీని ఫైలు అడుక్కి తోశారు.

బయటికొస్తే సారు ఇంకా వరండాలోనే ఉన్నారు, నన్ను ఆపారు. "భయమా పాపా?"

"అవును సార్."

"నాకూ భయమే. తప్పు జేసినామని చెప్పేదానికి ఒక తూరి భయపడితే సాలు. చెప్పకపోతే మబ్బు పట్టినప్పుడల్లా భయపడాల." కొలత ఎలా తీశానో నా చేత్తో ఒక కాగితం రాసి ఫైల్లో పెట్టమన్నారు. రాస్తానన్నాను. మెమో వస్తుందని, ప్రమోషన్ ఆగుతుందని, రేపు, ఎల్లుండి అంటూ నెలలు జరిపాను. కిందటేడు గట్టి వాన పడకపోవడం నాకు సాకైంది. ఈ మధ్య జబ్బుపడి ఆస్పత్రిలో ఉంటే చూడబోయినప్పుడు ఆయన కాగితం మాట ఎత్తలేదు. "వాన ఎట్లుండాది?" అన్నారు. "ఇంకా రాలేదు సార్," అన్నాను. అటు తిరిగి పడుకున్నారు.

వాయుగుండం, సారు చావు ఒకే రోజు వచ్చాయి. దహనం అయ్యాక స్నానం చేసి, తడి జుట్టుతోనే కూర్చుని రాశాను. ఆ కొలత నేను తీశాను. ఇంట్లో అడుగు పెట్టకుండా వీధిలో నిలబడి తీశాను. అవ్వ చెప్పింది రాసుకోలేదు. కింద నా సంతకం. ఈ పొద్దున దాన్ని అధికారి చేతికిచ్చాను. ఆయన చదివి, కిటికీలోంచి వాన చూశారు. ఈసారి పైవాళ్ల మాట ఎత్తలేదు. "ఇప్పుడేం జేసేదమ్మా?" అన్నారు. ఆయన గొంతులోనూ భయమే.

"వంక పొంగకముందే రోడ్డుకు గండి కొట్టాల సార్. జనాన్ని బడికి చేర్చాల."

"తవ్వే యంత్రం పంపిస్తా. నువ్వు ముందు పల్లెకు పో."

వచ్చాను. వీధిలో నిలబడితే జాజు గీత నా మోకాలి దగ్గరే ఉంది. అవ్వ ప్రతి పండక్కీ దాన్ని మళ్లీ దిద్దుతోందట. "ఆ సారు రాలేదా?" అంది. పోయారని చెప్పాను. అవ్వ తలుపు బార్లా తీసింది. "లోపలికి రా," అంది. రెండు మెట్లు దిగాను. లోపలి గోడ మీద అదే మరక నా నడుము దగ్గరుంది. మూల పొయ్యిగట్టు ఖాళీగా ఉంది. గ్యాస్ పొయ్యి అప్పటికే అటకెక్కింది.

"మబ్బు పడితే పొయ్యి పైన పెట్టమని మీ సారు కిందటేడే చెప్పిపోయినాడు," అంటూ నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను.

ఇదంతా మిట్ట మీదున్న బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పల్లె మొత్తం ఇక్కడే ఉంది. యంత్రం దారిలో ఉందన్నారు, ఇంకా రాలేదు. మూడు పైపులూ నిండుగా పారుతున్నాయి. రోడ్డుకు ఇవతల ఎర్రనీళ్లు నిలిచి, మెల్లగా వీధిలోకి తిరిగాయి. మేం బయల్దేరేటప్పుడు సన్నటి పాయ ఒకటి అవ్వ గడప దాటి మొదటి మెట్టు దిగుతోంది. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ ఇంటి గోడ కనిపిస్తుంది. అవ్వ మూట ఒళ్లో పెట్టుకుని, నా పక్కనే కూర్చుని అటే చూస్తోంది. వాన తెరలో జాజు గీత ఎర్రగా, సన్నగా, ఇంకా కనిపిస్తోంది.