ఉచ్చ చంద్రుడు, నువ్వుల నూనె

గ్రహాలకు ఉచ్చ నీచ స్థానాలు ఎక్కడినుంచి వచ్చాయన్న విషయం మీద నిజామాబాద్ కాలేజీలో నేను వాదించి గెలిచిన ఏడాదే అక్క కాన్పుకు ఇంటికి వచ్చింది. రెండు నదుల నడుమ బాబిలోను పురోహితులు ఆకాశంలో ఒక్కొక్క గ్రహానికి ఒక ప్రియమైన చోటు కేటాయించారనీ, చంద్రుడి పక్కన ఎద్దునూ కృత్తికలనూ గీసిన మట్టిపలక దొరికిందనీ, ఆ చోట్లనే యవనులు ‘ఎత్తు’ అన్నారనీ, హోర, కేంద్రం వంటి గ్రీకు మాటలతో కలిసి ఆ లెక్క మన పంచాంగంలోకి నడిచివచ్చిందనీ చెప్పాను. అరువు పీటల మీద కూర్చున్న గ్రహాలకు మనం భయపడటమెందుకని ముగించాను. చప్పట్లు బాగానే మోగాయి. ఇప్పుడవి తలచుకుంటే తల దించుకోవాలనిపిస్తుంది.

అక్కకు కొడుకు పుట్టాడు. అయ్యవారు పంచాంగం చూసి, "చంద్రుడు వృషభంల ఉచ్చలున్నడు. పిలగాడు రాజా తీరు బతుకుతడు" అన్నాడు. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. అవ్వ ముఖం విప్పారేలోగా ఆయన గొంతు తగ్గించాడు. "గని రోహిణి గదమ్మా. మేనమామకు గండం. నూనెల మొకం సూసినంకనే పిలగాన్ని సూడాలె."

ఆ మేనమామను నేనే. కంచుపళ్ళెంలో నువ్వుల నూనె పోసి, అందులో పడే బిడ్డ నీడను మొదట చూడటం మా వైపు ఆనవాయితీ. నేను ఒప్పుకోలేదు.

"చంద్రుడు అంత గొప్ప పీట మీదుంటె నాకెందుకే అవ్వా గండం?"

"ఎద్దు బలిసినంక పొడవదా?"

"గా ఎద్దును గీసినోళ్ళు బాబిలోనోళ్ళు. వాళ్ళకు మేనమామలు లేకుండెనా?"

"ఉంటె వాళ్ళు గూడ నూనెల సూసే ఉంటరు."

లోపలినుంచి అక్క అంది: "గా వాదం కాలేజీల వెట్టుకో తమ్మీ."

అలా నేను ముందుగదిలో, మేనల్లుడు దుప్పటి అడ్డం కట్టిన వెనకగదిలో ఉండిపోయాం. అక్క నన్ను దాటి పోవలసివస్తే బిడ్డ ముఖం మీద కొంగు కప్పేది. దాన్ని నేను నా సత్యాగ్రహం అనుకున్నాను.

బావ బోధన్ దగ్గర చెరకు నరికించే పనిలో చిక్కుకొని రాలేకపోయాడు. ఆయనకు కబురు చెప్పడానికి సైకిల్ మీద బయలుదేరి, దారిలో చెరకుబండిని తప్పించబోయి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, అంతే. కుంటుతూ తిరిగొచ్చేసరికి పక్కింటి చిన్నమ్మ గుమ్మంలోనే నవ్వింది.

"ఇంక మొకమే సూడలేదు, అప్పుడే మామను పడగొట్టిండు పోరడు!"

నేనూ నవ్వాను. బండికి కట్టింది ఎద్దులేనని చెప్పి ఆమెను ఇంకా నవ్వించాను. అవ్వ నవ్వలేదు. చిన్నమ్మ వెళ్ళాక దుప్పటి వెనకనుంచి అక్క గొంతు వచ్చింది.

"నవ్వు తమ్మీ. రేపు నీకు జరమొస్తె వీని పేరు జెప్తరు. పరీక్ష తప్పితె వీని పేరే జెప్తరు. పెద్దగయినంక గూడ మామను తిన్నోడంటరు. నూనె నీ పానం కోసమనుకున్నవా?"

అప్పటిదాకా గండమంటూ ఉంటే అది పాలు తాగే ఆ బిడ్డ నెత్తిమీద ఉందని నాకు తట్టనేలేదు. బాబిలోను దాకా వెళ్ళిన నా వాదం దుప్పటి అవతలికి వెళ్ళలేదు.

"పళ్ళెం తే అవ్వా" అన్నాను.

కట్టు కట్టిన కాలు చాపుకొని పీట మీద కూర్చున్నాను. అక్క వెనక నిలబడి నా భుజం మీదుగా బిడ్డను ఎత్తిపట్టింది. నూనెలో మొదట నా ముఖమే కనబడింది, బిగుసుకుపోయి. తరువాత దాని పక్కన పిడికెడంత ముఖం, కళ్ళు మూసుకొని. నమ్మనిదాని ముందు వంగినందుకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ వంగనందుకు అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది.

"సూసినవా?" అంది అక్క.

"సూసిన."

"గట్టిగ జెప్పు. చిన్నమ్మకు ఇనవడాలె."

కాలేజీ వేదిక మీద వాడే గొంతుతోనే, గోడ అవతలికి వినబడేలా మళ్ళీ చెప్పాను.