రెండో షిఫ్టు వారం ఖాళీ గడులు

తొంభైల మొదట్లో, మా చిన్నమ్మాయి మూడో తరగతి చదువుతుండగా, హెడ్‌మాస్టరు నన్ను పిలిపించారు. పిల్ల బెంచీ మీద నిలవదని, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరుస్తుందని, లెక్క సగంలో వదిలేస్తుందని చెప్పారు.

"డాక్టరుకు చూపెట్టి కాగితం తేండ్రి. లేకుంటె నాలుగో తరగతిల ఉంచుకునుడు కష్టం" అన్నారు.

గోదావరిఖనిలో అటువంటి డాక్టరు లేరు. కాలనీ దవాఖాన వాళ్లు చెబితే హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పిల్లతో కాసేపు ఆడి, శ్రద్ధ నిలవని సమస్య కావచ్చు, కాకపోనూవచ్చు అన్నారు. అల్లరికి అలాంటి పేరొకటి ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఎప్పుడు కుదురుగా ఉంటుందో, ఎప్పుడు ఉండదో నెలరోజులు రాసుకొని రమ్మన్నారు.

డైరీ రాయందే నిద్రపోని నాకు ఇంతకంటే ఇష్టమైన పని ఏముంటుంది? నోటుబుక్కులో గడులు గీసి, కుదురు తప్పిన ప్రతిసారీ టిక్కు పెట్టాను. మూడు వారాలయ్యాక ఒక వింత కనిపించింది. నాకు మొదటి షిఫ్టు, రాత్రి షిఫ్టు ఉన్న వారాల్లో గడులు నిండిపోయాయి. రెండో షిఫ్టు వారంలో అన్నీ ఖాళీ. ఎంత ఆలోచించినా కారణం తోచలేదు. ఆదివారం మా ఆవిడకు చూపించి, "రెండో షిఫ్టు వారంల పిల్ల మంచిగుంటది, చూసినవా?" అన్నాను.

ఆమె పడి పడి నవ్వింది. "ఏందయ్యా, మూడు గంటలకు డ్యూటీకి పోతివి, పదకొండు దాటినంక వస్తివి. అప్పటికి పిల్ల పండుకునె, పొద్దుగాల నువ్వు లేవకముందె బడికి పోయె. నువ్వు చూసిందెప్పుడు?"

నేను పనిచేసేది గని మీద, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో. అక్కడ కొక్కెం ఖాళీగా ఉంటే దీపం తీసుకున్న మనిషి గనిలో ఉన్నాడని అర్థం. ఏళ్లతరబడి ఖాళీని అలా చదివినవాణ్ణి, ఇంట్లో మాత్రం ఖాళీ అంటే ఏమీ లేదనుకున్నాను.

"బడిల అన్ని గంటలుంటది గద, టీచరమ్మను అడిగినవా?" అంది.

మర్నాడే అడిగాను. క్లాసు టీచరు ఇంకో నోటుబుక్కు పెట్టారు, సాయంత్రాలు ఎలా గడిచాయో మా ఆవిడ చెబితే నేను రాసుకున్నాను. టీచరు పుస్తకంలో ఒక వాక్యం నన్ను ఆపేసింది: "బోర్డు తనతో తుడిపిస్తే, ఆ తర్వాత పావుగంట శ్రద్ధగా రాస్తుంది." ఒకసారి కాదు, ఐదారు చోట్ల ఉంది. లేచి తిరగడం వల్లే కూర్చోగలుగుతుందా? మేమంతా కూర్చోబెట్టాలనే చూశాం.

నోటుబుక్కులు రెండూ పట్టుకొని మళ్లీ హైదరాబాదు వెళితే, డాక్టరమ్మ కూడా ఆ వాక్యం దగ్గరే ఆగారు. బొమ్మలతో, చెక్కముక్కలతో పరీక్షలు చేసి, సమస్య అదేనని, తెలివికి లోటు లేదని, ఇప్పటికి మందు వద్దని చెప్పారు. ముందు బెంచీ, చిన్న చిన్న పనులు, బోర్డు తుడవడం లాంటివాటికి మధ్యలో లేవనివ్వాలి అని బడికి ఉత్తరం రాసిచ్చారు.

హెడ్‌మాస్టరు దాన్ని చదివి కళ్లద్దాలు తీశారు. "బోర్డు తుడుసుడు గూడ వైద్యమేనా?"

"నా క్లాసుల పని చేసింది సార్" అన్నారు టీచరు.

"అయితే నాలుగుకు పంపుతం. పిల్లతో పాటు మీరు గూడ ఆ క్లాసుకు పోవాలె మరి, టీచరమ్మా."

"పోత సార్."

ఈ మాటలు తేలేలోపు మా అమ్మాయి ఆ గదిలోని కుర్చీలన్నిటి మీదా ఒక్కోసారి కూర్చొని చూసింది.