గాలికి పడని చెట్లు

నాకు అక్క ఒక్కతే. ఆమెకు నేను చేసిన ద్రోహాన్ని ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకొని తిరిగాను. పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, నౌకరీ చేసి ఇప్పుడు పింఛను తింటున్నాను. ఏ పనిలో ఉన్నా అది గుండె మీద కూర్చునే ఉంది. బరువు మోయగా మోయగా అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. వయసుతో పాటు అదీ పెరిగింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు.

మాది వరంగల్ నుంచి ధర్మసాగర్ పోయే దిక్కున ఒక నేతగాళ్ళ ఊరు. అమ్మ పోయేనాటికి నాకింకా సరిగా నడక రాలేదు. అక్క రాజవ్వ నాకంటే చాలా పెద్దది. ఒక చేత్తో నన్ను పట్టుకొని ఇంకో చేత్తో నూలు కండెలు చుట్టేదని వాడకట్టు ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఊరి బయట, సడక్ వారనే, మా తాత నాటిన చింతతోపు ఉండేది. ఒక కొమ్మకు చీర కట్టి అక్క నన్ను అందులో పడుకోబెట్టేదట. ఆ చీర నాకు గుర్తులేదు. చింతాకుల సందుల్లోంచి ముఖం మీద పడి కదిలే వెలుతురు మాత్రం గుర్తుంది. నిజంగా గుర్తుందా, లేక అక్క చెప్పగా చెప్పగా నాదైపోయిందా? తెలియదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే మొదట వచ్చేది అదే.

ఆ తోపు మా ఇంటిదే అయినా, దాని మీద బతికేది ఊరంతా. నేతగాళ్ళు పొద్దున్నే పడుగులు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, తెచ్చి చెట్ల మధ్య బారుగా చాపి గంజి పట్టేవాళ్ళు. ఎండలో పడుగు చాపితే గంజి ఒక్కసారిగా బిగుసుకుపోయి పోగులు పుటుక్కున తెగుతాయి. నీడన నిదానంగా ఆరాలి. అందుకే ఆ చెట్లు మా వాడకు ఇంకో మగ్గంతో సమానం. అక్క ఎవరినీ ఏమీ అడిగేది కాదు. పండిన చింతపండు మాత్రం ఆమెది. నేను హనుమకొండలో చదువుకున్నది ఆ చింతపండు అమ్మిన పైసలతోనే.

నాయిన పోతూ పోతూ తోపును అక్కకు ఇచ్చాడు, ఇల్లు నాకిచ్చాడు. తల్లిలేని పిల్లవాణ్ణి సాకింది కాబట్టి అది ఆమె హక్కని పెద్దమనుషుల ముందు చెప్పాడు. నేను తల ఊపాను. లోపల మాత్రం ఏదో మండింది. కొడుకును నేనుండగా ఆడబిడ్డకా అనుకున్నాను. ఆ మాట పైకి ఎన్నడూ అనలేదు. ఈ కథంతటికీ మూలం అదేనా? చాలాసార్లు కాదనుకున్నాను. ఈ మధ్య, అదేనేమో అనుకుంటున్నాను.

చదువు అయినాక వరంగల్ పవర్‌హౌస్‌లో పనికి కుదిరాను. బండ్ల మీద వచ్చే బొగ్గును తూకం వేయించి దింపించడం నా పని. పక్కా నౌకరీ కాదు, ఎప్పుడైనా పొమ్మనవచ్చు. అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. దీపాలకు గ్యాస్‌నూనె దొరకడమే గగనం. అందుకని కరెంటు ఉన్న ఇళ్ళవాళ్ళు మమ్మల్ని చూస్తే ఎంతో మర్యాద చేసేవాళ్ళు. నాకు ఆ మర్యాద రుచి తగిలింది.

అట్లాంటప్పుడు తుఫాను వచ్చింది. సముద్రం మాకు ఎక్కడో దూరం. తుఫానంటే కోస్తావాళ్ళ కష్టం అనుకునేవాళ్ళం. ఆ ఏడు అది తీరం దాటి మా దాకా వచ్చింది. రాత్రీ పగలూ వాన. గాలి ఒకసారి తూర్పు నుంచి కొట్టేది, కాస్త ఆగి పడమటి నుంచి కొట్టేది. ఇళ్ళ మీది పెంకులు ఎండుటాకుల్లా లేచిపోయాయి. తెరిపిచ్చాక బయటికి వచ్చి చూస్తే కరెంటు స్తంభాలు సడక్ మీద అడ్డంగా పడి ఉన్నాయి, తీగలు చిక్కుపడ్డ నూలులా బురదలో కలిసిపోయాయి. చెరువులు తెగి డోర్నకల్ దిక్కున రైలు కట్ట కొట్టుకుపోయింది. మాకు బొగ్గు వచ్చేది ఆ దారినే.

తీగలు లాగడానికి మనుషులు దొరికారు. స్తంభాలూ మెల్లమెల్లగా లేచాయి. కానీ ఇంజనుకు మేత లేదు. కుప్పలో ఉన్న బొగ్గు అయిపోయింది. పవర్‌హౌస్ గొట్టంలోంచి పొగ రావడం ఆగిపోయింది. నీళ్ళ పంపులు ఆగాయి. దవాఖానలో ఆముదం దీపాలు పెట్టి కట్లు కట్టారు. పట్నం మొత్తం ఊపిరి బిగబట్టినట్టు ఉండేది.

మా ఇంజినీరు సాబ్ మంచివాడు. బొగ్గు వచ్చేదాకా కట్టెలతో బాయిలరు నడుపుదామన్నాడు. గాలికి పడిపోయిన చెట్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి, వాటిని కొని తెమ్మని మమ్మల్ని పంపాడు. ఒక మాట గట్టిగా చెప్పాడు. నిలబడి ఉన్న చెట్ల జోలికి పోవద్దు. రైతు ఇప్పటికే మునిగి ఉన్నాడు, వాడి నోటికాడిది లాక్కోవద్దు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. కట్టెలు మొదట తెచ్చినవాడి పేరు పక్కా నౌకరీకి పైకి పంపుతానని కూడా అన్నాడు. అదీ విన్నాను. రెండింట్లో నేను పట్టుకున్నది రెండోది.

తిరిగాను. పడిన చెట్లు కనిపించాయి. కానీ అవి పొలాల నడుమ మోకాటి లోతు బురదలో ఉన్నాయి, బండి పోదు. నాతో పనికి పోయినవాళ్ళు అప్పుడే ఏవో తుమ్మ మొద్దులు తెస్తున్నారని తెలిసింది. అప్పుడు మా తోపు గుర్తొచ్చింది. సడక్ పక్కనే. బండి చెట్టు మొదట్లోకి పోతుంది. చింతకట్టె నిప్పు అన్నిటికంటే గట్టిది.

వెళ్ళాను. తోపులో ఒక్క చెట్టు కూడా పడలేదు. చిన్న కొమ్మలు కొన్ని విరిగాయి, అంతే. అక్క కింద రాలిన పుల్లలు ఏరుతోంది. బావ దగ్గుతో ఇంట్లో మంచం పట్టి ఉన్నాడు. నన్ను చూడగానే అక్క ముఖం విప్పారింది.

“వచ్చినవా తమ్మీ! గాలికి ఎట్లున్నవో ఏమోనని రోజు ఫికరైంది. చూసినవా, గింతగనం గాలి కొట్టినా మన చెట్టు ఒక్కటి గూడ వొరగలే.”

నేను చెట్ల వైపు చూడలేదు.

“అక్కా, జర ఒక మాట చెప్పాలె. సర్కారు హుకుం వచ్చింది. బొగ్గు వస్తలేదు. సడక్ పక్కన చెట్లన్నీ కొట్టి పవర్‌హౌస్‌కు తోలుమన్నరు.”

ఆమె చేతిలో పుల్లలు అట్లాగే ఉన్నాయి.

“పడ్డయా? నిలబడ్డయి గూడనా?”

“నిలబడ్డయి గూడ.”

“అందరియీ కొడ్తాండ్రా తమ్మీ?”

“అందరియీ కొడ్తాండ్రు. దవాఖానల దీపాలు లెవ్వక్కా. మనుషులు సస్తాండ్రు.”

ఆమె పుల్లలు కింద పెట్టింది. పక్కనున్న చెట్టు మీద చెయ్యి వేసింది.

“మరి పడుగులు ఏడ చాపుకోవాలె?”

“సర్కారోళ్ళు మల్ల మొక్కలు పెట్టిస్తరు.”

“నువ్వు చెప్తానవంటే ఇగ నేనేమంట? మనుషుల పానం కన్న చెట్లెక్కువనా? కొట్టనియ్.”

ఇంతే. ఇదే నేను మీకు చెప్పాలనుకున్న మాట. ఆమె అడిగినప్పుడు “లేదక్కా” అని ఒక్క మాట అనడానికి నాకు ఎంత చోటు ఉండిందో చూడండి. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి నా కోసం తలుపు తీసి పట్టుకుంది. నేను ప్రతిసారీ మూశాను. హుకుం లేదు. నా సొంత అక్క నన్ను అనుమానించదని నాకు తెలుసు, ఆ తెలివితోనే చేశాను.

మర్నాడు గొడ్డళ్ళవాళ్ళను తీసుకుపోయాను. అక్క వాళ్ళకు గంజి కాచి పోసింది. మొదటి చెట్టు కూలినప్పుడు వాడలోంచి నేతగాళ్ళు బయటికి వచ్చి వరుసగా నిలబడ్డారు. హుకుమట అని అక్కే వాళ్ళకు చెప్పింది. నా తరఫున ఆమె నోటితో నా అబద్ధం. ఒక ముసలాయన పక్క ఊళ్ళో కొట్టలేదు కదా అన్నాడు. త్వరలో అక్కడా కొడతారని అక్క చెప్పింది. నన్ను చూసింది, నేను అవునన్నట్టు తల ఊపాను. ఉన్నట్టుండి అక్కడ ఎంత ఎండ పడిందంటే అందరం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాం.

పవర్‌హౌస్‌లో, మా అక్క తోపు మొత్తం గాలికి కూలిపోయిందని, పైసా అడగకుండా ఇచ్చిందని చెప్పాను. ఇంజినీరు సాబ్ నా భుజం తట్టాడు. మీ అక్క పెద్ద మనసు అన్నాడు.

పచ్చి కట్టె సరిగా మండలేదు. పొగ కమ్ముకుంది. బల్బులు ఎర్రగా, జబ్బు మనిషి కళ్ళలా వెలిగాయి. పంపులు కొంచెం కొంచెం ఆడాయి, దవాఖానకు కాస్త వెలుగు పోయింది. అది అబద్ధం కాదు. కానీ మేము అనుకున్నదానికంటే తొందరగా రైలు కట్ట బాగైంది, బొగ్గు వచ్చేసింది. చింత మొద్దులు సగానికి పైగా పవర్‌హౌస్ ఆవరణలోనే పడి ఉండిపోయాయి. నేను రోజూ వాటి పక్కనుంచే పోయేవాణ్ణి. కోసిన చోట మొదట ఎర్రగా ఉండేవి, తరవాత నల్లబడ్డాయి. నా నౌకరీ పక్కా అయింది.

ఊళ్ళో మొక్కలు ఎవరూ పెట్టలేదు. పెట్టిస్తారన్నది నేనే, పెట్టించనిదీ నేనే. నేతగాళ్ళు కొన్నాళ్ళు ఇళ్ళ సందుల్లో పడుగులు చాపి చూశారు. పోగులు తెగాయి. అసలే యుద్ధం వల్ల నూలు దొరకని రోజులు. ఒక్కొక్క కుటుంబం బొంబాయి దిక్కు, భివండి దిక్కు లేచిపోయింది. నూలు కరువు వల్లనే పోయారని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని పట్టుకొని నేను చాలా ఏళ్ళు నిద్రపోయాను.

చివరికి అక్క కూడా ఊరు విడిచింది. బావను, చిన్నపిల్లయిన కూతురు లక్ష్మిని తీసుకొని కాజీపేటలో రైలెక్కింది. సాగనంపడానికి వెళ్ళాను. కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరింది, చిన్నప్పుడు నిమిరినట్టే. మంచిగుండు తమ్మీ అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. రైలు కదలడానికి చాలా టైముంది. నేను ఆమె కోసం నీళ్ళు తెస్తానని వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి, బండి కూత వేశాకే వెనక్కి వచ్చాను.

ఆ తరవాత ఆమెను చూడలేదు. భివండి ఎంత దూరం? రైలెక్కితే చేరే చోటే. ఎన్నిసార్లు బయలుదేరాననుకున్నారు! స్టేషను దాకా పోయి తిరిగి వచ్చిన రోజులున్నాయి. ఆమెను చూడాలని ప్రాణం కొట్టుకునేది. చింతచిగురు వచ్చే రోజుల్లో మరీ. ఆమె చేత్తో వండిన చింతచిగురు పప్పు కావాలనిపించేది, ఆమె గొంతుతో తమ్మీ అన్న పిలుపు వినాలనిపించేది. వెళ్తే చెప్పాలి. చెప్పకుండా ఆ చేతి ముద్ద తినలేను. అందుకని వెళ్ళలేదు. ఆమె పోయిందన్న కబురు కూడా అన్నీ అయిపోయాక వచ్చింది.

చాలా ఏళ్ళ తరవాత లక్ష్మి మా ఇంటికి వచ్చింది. ఆమెకే పెళ్ళీడు పిల్లలున్నారు. కూర్చోగానే కళ్ళు తుడుచుకుంది.

“మామా, అమ్మ సచ్చేదాక మీ ముచ్చటే. మిల్లుల అందరికి చెప్పేది. తుఫానప్పుడు వరంగల్ దవాఖానల దీపాలు మా చింతచెట్లతోని ఎలిగినయి, మా తమ్ముడే ఎలిగించిండు అని.”

అక్క దాన్ని గర్వంగా దాచుకుంది. పరాయి ఊళ్ళో, ఇరుకు గదిలో, అందరూ మగ్గాల చప్పుడులో ఏదో ఒక మంచి జ్ఞాపకాన్ని పట్టుకొని బతుకుతుంటే, ఆమె పట్టుకున్నది నా అబద్ధాన్ని. లక్ష్మికి ఆ రోజు నిజం చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఆ తల్లి చివరి దాకా మోసిన వెలుగును కూతురి చేతుల్లోంచి ఊడలాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే నేను మళ్ళీ అబద్ధమాడినట్టే. అది దయా, పిరికితనమా? భోజనం చేసి పోవే తల్లీ అన్నాను. ఆమె తిన్నది. తినే ముందు నాకు తనే వడ్డించింది.

ఆమెకు అక్క చేతులున్నాయి. వడ్డించేటప్పుడు ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాను.

మీరు నన్ను క్షమించాలని ఇదంతా రాయలేదు. క్షమించే హక్కు ఉన్న మనిషి లేదు. ఉన్నప్పుడు నేను పోలేదు. ఒక్క మాట ఎక్కడో ఒకచోట నా నోటితో రావాలి, అంతే. పడిన చెట్లు కావవి. తుఫాను వాటిని ఏమీ చేయలేకపోయింది. ఎవరూ కొట్టమనలేదు. నేనే కొట్టించాను, అక్కా.

చెప్పాను. ఇంత చిన్న మాటకు ఇంత వయసు పట్టింది.