వల్లి పుట్టింటి ప్రశ్న

ఆరేళ్ళుగా మోస్తున్నాను. దీపం పెట్టి కూర్చున్నా దిగదు. బియ్యం చెరుగుతూ ఉంటే ఉన్నట్టుండి గుర్తొస్తుంది, చేట పట్టుకున్న చేయి ఆగిపోతుంది. పత్రిక నడిపే మీరెవరో నాకు తెలీదు. తెలీనివాళ్ళకు చెప్పుకోవడం సులువని రాస్తున్నానా? అయ్యుండొచ్చు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

నా పేరు రాయను. నేను ద్రోహం చేసిన మనిషి పేరు కూడా రాయను. ఆమె నా తోడికోడలు, మా బావగారి భార్య. నేను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మణ్ణీ అంటుంది. అంత మాత్రం తెలిస్తే చాలు.

అప్పుడు మేమందరం తిరుత్తణిలో ఒకే ఇంట్లో ఉంటిమి. ఊరు ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉండె. మా ఇంటాయన పెండ్లిళ్ళకూ సభలకూ మైకుసెట్టు బాడుగకు కట్టేవారు. ఒకసారి మదరాసు పోయి పాత టేపు రికార్డరొకటి తెచ్చినారు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవని పెట్టె. దాని మీద రెండు చక్రాలు తిరుగుతూ ఉంటే మనుషుల మాట అందులోకి పోయి, మళ్ళీ బయటికి వచ్చేది. మా మామ తన దగ్గు తానే విని, "ఈ ముసలోడెవడురా, మందిప్పించండి" అన్నారు. ఇల్లంతా పడిపడి నవ్వింది.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించి తెలుగూ అరవమూ రెండూ నేర్పినారు. ఆ రుణం ఈ జన్మకు తీరదు. చదవడం వచ్చు గనుక పెట్టె నడిపే విధానం నాకు తొందరగా పట్టుబడింది. సభలో మా ఇంటాయన మైకు దగ్గర ఉండాల, పెట్టె దగ్గర ఇంకొకరు ఉండాల. అట్ల ఆ పని నాకొచ్చింది.

ఆ రోజుల్లో కొండ కింద సత్రంలో ఆదివారం సాయంకాలాలు ఒక పంతులుగారు ఉపన్యాసాలు చెప్పేవారు. బడి ఉద్యోగం నుంచి విరమించిన పెద్దాయన. మన సీమ చరిత్ర, కొండల మీద దేవుళ్ళెట్ల వెలసినారు, రాళ్ళ మీద ఎవరేం చెక్కించినారు, పండగలెట్ల పుట్టినాయి, ఇవన్నీ చెప్పేవారు. ఊళ్ళో అప్పుడు ఈ ఊరు ఆంధ్రకా మదరాసుకా అని కేకలు. గోడల నిండా రాతలు. సత్రం లోపల మాత్రం ఆయన ఒక మాట తెలుగులో చెప్పి, తర్వాతి మాట అరవంలో చెప్పి, రెండు భాషలనూ ఒక తల్లి బిడ్డల మాదిరి పక్కపక్కన కూర్చోబెట్టేవారు. బయట కేకలేసి వచ్చిన మగవాళ్ళు కూడా లోపల మెదలకుండా వినేవారు. తెలిసింది తెలిసినంతే చెప్పేవారు. తెలీనిది తెలీదనేవారు. అంత చదువుకున్న మనిషి నాకు తెలీదు అని సభలో అనడం నేను అంతకు ముందు వినలేదు. ఆయన మాట పెట్టెలో పట్టే భాగ్యం నాకు దొరికిందే అని ప్రతి ఆదివారం కొండ వైపు తిరిగి దండం పెట్టుకునేదాన్ని.

నాకూ ఒక ప్రశ్న ఉండేది. దక్షిణాన మురుగన్ అని కొలిచే దేవుడూ ఉత్తరాన కుమారస్వామీ మొదటి నుంచీ ఒకరేనా, కాలక్రమాన ఒకరైనారా అని. వారాల తరబడి మనసులో దాన్ని చక్కదిద్దుకున్నాను. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని. ఆయన మెచ్చుకోవాలని. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, జవాబు కోసం కాదు, ఆ మెప్పు కోసమే. కాని ఆడవాళ్ళు సభలో లేచి అడిగే అలవాటు లేదు. నేను స్తంభం పక్కన పెట్టె ముందు కూర్చుని, అడగకుండానే ప్రతి వారం ఇంటికి వచ్చేదాన్ని.

అక్క గురించి చెప్పాల. ఆమెది అత్తిమంజేరిపేట. పొద్దున బండి కడితే ఎండ ముదరకముందే చేరే ఊరు. అయినా ఆమె పుట్టింటికి పోయి ఏండ్లయింది. వాళ్ళ తమ్ముడి పెండ్లిలో మా మామకంటే ముందు వేరే వియ్యంకుడికి తాంబూలం ఇచ్చినారట. మామ లేచి వచ్చేసినారు. ఆనాటి నుంచి రాకపోకలు లేవు. వాళ్ళమ్మకు చూపు తగ్గిపోయిందని ఎవరో సంతకొచ్చినవాళ్ళు చెప్పి పోయినారు. అక్క విని, కొట్టంలోకి పోయి గేదెకు గడ్డి వేసి వచ్చింది. అంతే. ఒక మాట తూలలేదు. అక్షరం ముక్క రాని ఆ మనిషి ఓర్పుకు నేను ఈ రోజుకీ చేయెత్తి మొక్కుతాను.

ఒక ఆదివారం పంతులుగారు వల్లి కథ చెప్పినారు. చేను కాచుకునే వేటగాళ్ళ పిల్ల, ముసలాడి వేషంలో వచ్చిన కుమారస్వామి, ఏనుగును చూసి ఆమె భయపడ్డం, చివరకు పెండ్లి, ఈ కొండ మీద కాపురం. ఎంత బాగా చెప్పినారంటే, ఉపన్యాసం ముగిసినా ఎవరూ కదల్లేదు. అప్పుడు నాతో వచ్చి నా పక్కన కూర్చున్న అక్క లేచి నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కుని, పెద్దగానూ కాదు చిన్నగానూ కాదు, ఇంట్లో మాట్లాడినట్టే అడిగింది.

"అయ్యా, కొండెక్కి వచ్చినాంక వల్లి యానాడైనా పుట్టింటికి పోయిందా? వాళ్ళమ్మ ఆమెను మళ్ళా చూసిందా?"

పంతులుగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. చాలాసేపటికి అన్నారు: "తల్లీ, ఇన్నేండ్లుగా ఈ కథ చెప్తున్నాను. ఆమె కొండ మీదికి వచ్చేదాకానే చెప్పినాను. తిరిగి పోయిందా అని నాకెప్పుడూ తోచలేదు. నాకు తెలీదు. వెతుకుతాను."

పెట్టె తిరుగుతోంది. అంతా పట్టింది. ఆమె గొంతు, ఆ నిశ్శబ్దం, ఆయన జవాబు, అన్నీ.

ఇంటికి వచ్చి వినిపిస్తే అక్క కొంగుతో మొహం కప్పుకుని నవ్వింది. "కాకి మాదిరుందే అమ్మణ్ణీ" అని. మరునాడు మా ఇంటాయన ఒక మాట చెప్పినారు. అత్తిమంజేరిపేటలో రైసుమిల్లు ఆయన ఈ ఉపన్యాసాలు తమ ఊళ్ళో వినిపించమన్నాడని, అక్కడ మిల్లుకు కరెంటు ఉందని, మిల్లు ముంగిట్లో సభ అని. అది వ్యాపారం గనుక మామ సరే అన్నారు. మేమిద్దరం పోవచ్చు. అక్క మాత్రం పోకూడదు.

అక్క ఆ రాత్రంతా నిద్రపోలేదనుకుంటాను. తెల్లారి నా చేయి పట్టుకుని అన్నది: "మా యమ్మకు చూపు లేకపోతే ఏం, చెవులుండాయి గదా. నేను పోకుంటే ఏం, నా గొంతు పోతాది."

ఇంతవరకు రాయడం కష్టం కాలేదు. ఇక్కడ నుంచే.

తర్వాతి ఆదివారం పంతులుగారు ఉపన్యాసం మొదలుపెట్టడమే అక్క ప్రశ్నతో మొదలుపెట్టినారు. తన చదువులో ఒక తలుపు ఆమె తెరిచిందన్నారు. అయిపోయినాక నేరుగా నా దగ్గరికి వచ్చినారు. అన్ని వారాల్లో ఆయన నాతో మాట్లాడింది అదే మొదలు. ఆయన అడిగింది ఇదీ: "ఆ తల్లి ప్రశ్న భద్రంగా ఉంది గదామ్మా?"

భద్రంగా ఉంది అన్నాను.

మరునాడు మధ్యాహ్నం అందరూ చేనికి పోయినారు. మామ అరుగు మీద కునుకు తీస్తున్నారు. నేను టేపు వెనక్కి తిప్పినాను. ఆమె గొంతు మొదలయ్యే చోటు పట్టుకున్నాను. మైకు తీగ పీకేసినాను. కొత్తగా మాట పట్టే ఎర్ర మీట నొక్కినాను. చక్రాలు తిరిగినాయి. ఆమె అడిగినంతసేపు తిరగనిచ్చి ఆపినాను. పంతులుగారి జవాబు ముట్టుకోలేదు. ఆయన మాట చెరపడం పాపం కదా, అనుకున్నాను. చూడండి, పాపం అనే ఆలోచన అప్పుడు నాకు ఎక్కడ గుర్తొచ్చిందో.

ఎందుకు చేసినాను? చాన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. అది ఇంటి గుట్టు. కోడలు సభలో పుట్టిల్లు తలచుకుని అడిగిందని ఊరూరా వినిపిస్తే మామ పరువు పోతుంది, అక్కకే ముప్పు వస్తుంది, నేను ఆమెను కాపాడినాను అని. అది అబద్ధం. ఊరంతా విన్న మాట మామ చెవిన ఎప్పుడో పడింది. ఆయన కోప్పడనే లేదు. భోజనం దగ్గర, "మన పెద్దకోడలికి వల్లీదేవితో చుట్టరికమంట గదా, ఇంక నన్ను గూడా కొండెక్కిస్తాదేమో" అని ఎగతాళి చేసి, ఇంకో ముద్ద పెట్టించుకున్నారు. ముప్పు లేదని తెలిసే నేను మీట నొక్కినాను.

అసూయ. ఆ మాట ఇన్నేళ్ళలో మొదటిసారి రాస్తున్నాను. నేను చదువుకున్నదాన్ని. వారాల తరబడి అమర్చుకున్న నా ప్రశ్న నా గొంతులోనే ఉంది. ఆమె దేన్నీ అమర్చుకోలేదు, తన కడుపులో ఉన్నది అడిగింది. పంతులుగారు నా ముందుకు వచ్చి నిలబడి ఆమె ప్రశ్న గురించి అడిగినారు. అంతే. అంత చిన్నదానికి.

అత్తిమంజేరిపేటలో మిల్లు ముంగిట జనం నిండినారు. అక్క వాళ్ళ తమ్ముడు తల్లిని చేయిపట్టుకుని తెచ్చి పెట్టె పక్కనే చాప మీద కూర్చోబెట్టినాడు. కూతురి గొంతు వస్తుందని ఆమెకు ఎట్లనో కబురు చేరింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. కథంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. ఆ చోటు వచ్చింది. పెట్టెలో బుస్సుమని ఉత్త గాలి చప్పుడు. తర్వాత పంతులుగారు: తల్లీ, ఇన్నేండ్లుగా ఈ కథ చెప్తున్నాను...

పెద్దామె నా వైపు తల తిప్పింది. "ఎవురితో చెప్తుండాడమ్మా ఆయన?"

"మీ పాపతోనే పెద్దమ్మా."

"అది అడిగింది యాడ?"

"అప్పుడు కరెంటు తగ్గిపోయింది. పెట్టెలోకి పట్టలేదు."

మా ఇంటాయన నా వైపు చూసినారు. ఇంట్లో ఆయనా విన్నారు గదా ఆ గొంతు. పెట్టె నా చేతిలో ఉంది గనుక ఏదో పొరపాటు జరిగి సిగ్గుపడి చెప్పడం లేదనుకున్నారేమో, ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

పెద్దామె ఆ చోటు ఇంకోతూరి పెట్టమన్నది. పెట్టినాను. ఆమె వంగి, ఉత్త గాలి వచ్చే చోట చెవి ఆనించి విన్నది. ఏదైనా మిగిలిందేమోనని. తర్వాత నా చేయి తడిమి పట్టుకుని, "పోనీలేమ్మా, తల్లీ అన్నాడు గదా ఆయన. అది నా బిడ్డనే గదా" అన్నది.

ఇంటికి వచ్చి అక్కకు ఏం చెప్పాల? నా పొరపాటు, చేయి తగిలి చెరిగిపోయింది అని చెప్పినాను. నిజానికి అర అంగుళం దూరంలో ఉన్న అబద్ధం. నేను ఏడ్చినాను. ఆ ఏడుపు చూసి ఆమే నన్ను దగ్గరికి తీసుకుని, పెట్టె కదా, దానికేం తెలుసు, నువ్వు మా యమ్మను చూసి వచ్చినావు, అది చాలు అని ఓదార్చింది. అమ్మ ఏ చీర కట్టుకుంది అని అడిగింది. చెప్పినాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పినాను.

ఆ ఏడు చింతపండు దించే రోజుల్లో పెద్దామె పోయింది. కబురు రాగానే మామే లేచి బండి కట్టించినారు. అక్క పోయి చూసింది. చూడవలసినప్పుడు కాదు.

ఇప్పుడు అక్కవాళ్ళూ మేమూ తిరువళ్ళూరులో ఉన్నాము. ఈ ఏడే తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో కలిసింది. పంతులుగారు పెద్దవారైపోయి సభలకు రావడం లేదు. వెతికినాను, దొరకలేదు అని ఒకసారి అక్కకు చెప్పి పంపినారు. ఆయన మాటలు పట్టిన ఆ టేపులన్నీ మా బీరువాలో ఉన్నాయి. వాటిని విన్నప్పుడు ఆయన మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు. ఆ ఒక్క టేపు నేను పెట్టను.

అత్తిమంజేరిపేట నుంచి వచ్చినాక అక్కకు నేను తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టినాను. దిద్దించింది ప్రేమతోనా, భయంతోనా? నన్ను నేనే అడుగుతూనే ఉన్నాను. నేను చేసినదానికి అది బదులు కాదని మాత్రం తెలుసు. ఇప్పుడామె కూడబలుక్కుంటూ చక్కగా చదువుతుంది. మా ఇంటికి వచ్చే మీ పత్రిక మొదటి పుట నుంచి చివరి పుట దాకా గట్టిగా చదివి వినిపిస్తుంది. నేను కూర తరుగుతూ వింటాను.

ఇది మీరు అచ్చు వేస్తే ఇదీ చదువుతుంది. పేర్లు లేకపోయినా మూడో పేరాకల్లా ఆమెకు అర్థమవుతుంది. అక్కడ ఆపుతుందా, చివరిదాకా చదువుతుందా, చదివి ఏమంటుందో నాకు తెలీదు. క్షమించమని ఇందులో అడగలేదు. అడిగితే ఆమె వెంటనే ఇచ్చేస్తుంది, నాకు తెలుసు. అందుకే అడగలేదు.

కాగితాలు మడిచి కవరులో పెట్టినాను. పంపుతున్నాను.