సింహాచలమ్మ ఆంటీ డెన్మార్క్ కుర్చీ

టేకు నూనె సీసా మూత తీస్తే చాలు, సింగపూర్‌లోని మా క్లెమెంటి ఫ్లాట్ అంతా ఘాటెక్కిపోతుంది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "సో స్ట్రాంగ్ లా, అమ్మా!" అంటూ గది తలుపేసుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే హౌగాంగ్‌లోని ఒక కారిడార్, అక్కడ కుర్చీని బల్ల మీదికెక్కించి, చీర కొంగు నడుముకి బిగించి, దాని కాళ్ళకి నూనె రాస్తున్న సింహాచలమ్మ ఆంటీ గుర్తొస్తారు. వెంటనే నవ్వొస్తుంది.

నాలుగు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాళ్ళకీ విమానం టికెట్టు దొరుకుతున్న రోజులవి. ఆ గాలికే నేనూ కొట్టుకొచ్చి సింగపూర్‌లో పడ్డాను. ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ తాతలనాడే విశాఖ తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఆవిడ మాటల్లో విశాఖ యాస, అరవం, మలయ్ ఒకే గిన్నెలో ఉడికేవి. నేను ఆఫీసు నుంచి రాగానే "మకాన్ అయిందేటమ్మా?" అని అడిగేవారు. తిన్నానని చెప్పినా వడ్డించేవారు.

శనివారం సాయంత్రం ఆ ఇంటి హాలు భజనకి రాసిచ్చినట్టే. నేల మీద చాపలు, చిన్న పీట మీద రాములవారి పటం, చుట్టూ పాతకాపులైన ఆంటీలు, మధ్యమధ్య మాలాంటి కొత్త ప్రోగ్రామర్లు. మొదటి పాట ఎప్పుడూ ఆవిడదే. ఆ గొంతు లేచిందంటే బయట లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు వచ్చిన లిఫ్టుని వదిలేసుకునేవారు. అలాంటి మనిషిని డాక్టరు ఇక నేల మీద కూర్చోవద్దన్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయట. నేను ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఆవిడ దాని వంక కూడా చూడలేదు.

"రాముడు కింద పీట మీద, నాను పైన కుర్చీలోనా? నాకేటి పట్టాభిషేకమా? మీరు పాడుకోండి, నాను టీ పెడతాను."

ఆ వారం భజన ఉప్పులేని పప్పులా సాగింది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడే తప్ప ఆంటీ గొంతు రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పాట మానేస్తే ఆ ఇల్లు ఆ ఇల్లుగా ఉండదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

చైనీయుల కొత్త సంవత్సరం దగ్గరపడింది. అందరూ ఇళ్ళు దులిపి, పాత సామాను బ్లాక్ కింద వదిలేసే సమయమది. ఒక ఆదివారం ఆంటీ రొప్పుకుంటూ పైకొచ్చారు. "కింద ఓ పొట్టి కుర్చీ ఉందమ్మా, నేలకి దగ్గరగా! చోప్ చేసొచ్చాను, బేగి రా!" తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ పొట్లం పెడితే ఆ చోటు మనదని ఇక్కడ అందరూ ఒప్పుకుంటారు, దాన్నే చోప్ చెయ్యడమంటారు. ఆంటీ అలాంటి పొట్లమే ఒకటి పెట్టి, ఆ న్యాయాన్ని పారేసిన కుర్చీకి కూడా వర్తింపజేశారు. మేం దిగేసరికి ఒక చైనీస్ అంకుల్ కుర్చీని ఆశగా చూస్తున్నాడు గాని, పొట్లాన్ని దాటి చెయ్యి వెయ్యలేదు. పైగా ఒక పక్క పట్టి లిఫ్టు దాకా మోసిపెట్టాడు.

నల్ల రంగు గీకితే లోపల తేనె రంగు టేకు బయటపడింది. అడుగున డెన్మార్క్‌లో చేసినట్టు ముద్ర. ఇలాంటి వాటికి కూర్చునేచోట కాగితం మెలిపెట్టి చేసిన తాడు అల్లుతారని ఆఫీసులో ఎవరో చెప్పారు. "కాగితమా? నా బరువుకా?" అని ఆంటీ పగలబడి నవ్వారు. మేం జనపతాడు తెచ్చి నులకమంచం అల్లినట్టు అల్లేశాం. మంచమైతే వదులైనప్పుడు కాళ్ళవైపు లాగి బిగించుకోవచ్చు. కుర్చీకి ఆ వీలు లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ముందు నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. మోకాళ్ళొచ్చి గడ్డానికి తగిలాయి. "అలమాక్!" అంటూ నన్ను పైకి లాగబోయి ఆవిడా నా మీద పడినంత పని చేశారు. అంతా విప్పి, నవ్వు ఆగాక, ఈసారి బిగించి అల్లాం.

శనివారం మధ్యాహ్నం కుర్చీని హాల్లో పెట్టాం. ఆంటీ మెల్లగా కూర్చుని, వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నారు. అంతలోనే పీట వైపు చూశారు. ముఖం వాడిపోయింది. "ఇంకా నానే ఎత్తు." లేచిపోయారు.

నేను ఊరుకుంటానా? పక్కింటికెళ్ళి రంపం అడిగి తెచ్చాను. "జానెడు కోసేస్తే సరి, ఆంటీ. మీరూ రాముడూ సమానమైపోతారు."

ఆవిడ కుర్చీ కాలు మీద చెయ్యి వేసి అడ్డుపెట్టారు. "దీని కాళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా. పాడైనవి నావి. దీన్నెందుకు కొయ్యడం?" కాసేపు హాలంతా కలయజూశారు. తర్వాత రాములవారి పటం ముందు నిలబడి, ఇంట్లో మనిషిని అడిగినట్టే అడిగారు. "నీకేటి మోకాళ్ళ నొప్పులా? నువ్వే లేద్దూ!"

పటాన్ని గాజు బీరువా మీదికెక్కించాం. సాయంత్రం వచ్చినవాళ్ళు అలవాటుగా పీట వైపు వంగి, దేవుడు కనబడక కంగారుపడి, తలలెత్తి చూసి నవ్వారు. ఆంటీ కుర్చీలో కూర్చుని మొదటి పాట అందుకున్నారు. నా ఒళ్ళు పులకరించింది. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు. మరుసటి వారం, ఇన్నాళ్ళూ నొప్పి దాచుకున్న మరో ఇద్దరు ఆంటీలు ఏమీ ఎరగనట్టు ప్లాస్టిక్ కుర్చీలు లాక్కున్నారు.

తర్వాత ఆవిడ బెడోక్‌లో కూతురి దగ్గరికి వెళ్తూ కుర్చీని నాకిచ్చారు. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలనిపిస్తుంది.

ఆఫీసులో ఇప్పుడు నా దగ్గర కొందరు పనిచేస్తున్నారు. పసిబిడ్డ తల్లి ఒకామె పొద్దున్నే జరిగే మీటింగుకి అందుకోలేక, పెద్ద పని వదిలేసి చిన్నదానికి మారిపోతానంది. నేను వద్దన్నాను. మీటింగునే మధ్యాహ్నానికి జరుపుదామన్నాను. "పెద్ద బాస్ వచ్చే మీటింగండీ. ఆయన మనకోసం జరుగుతారా?" అంది భయంగా.

"అడిగి చూద్దాం," అన్నాను. "రాముడే జరిగాడమ్మా."